కెప్టెన్ వగ్ది గారి పొగ

కెప్టెన్ వగ్ది ఎవరింట్లో అడుగుపెట్టినా కూర్చునే ముందు ఒకే ప్రశ్న వేసేవారు: "నిప్పంటుకుంటే ఇక్కడ నడవలేనివాళ్ళను ఎవరు దించుతారు?" ఒక నిశ్చితార్థానికి పిలిస్తే, ఉంగరాలు మార్చుకుంటున్న జంటను వదిలేసి పెళ్ళికొడుకు నానమ్మ చుట్టూ తిరిగారు.

"ఈవిడను ఎవరు దించుతారు?"

"ఇప్పుడేగా కెప్టెన్ గారూ పైకి ఎక్కించాం, కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

అలెగ్జాండ్రియా రేవులో పెద్ద ఓడలను లాగే టగ్గు పడవ నడిపి నడిపి, చివరికి మా మేడ ఆరో అంతస్తులో స్థిరపడ్డారాయన. వస్తూ వస్తూ పడవ మీది ఇత్తడి గంట కూడా తెచ్చుకున్నారు. అది మోగిందంటే నిప్పంటుకున్నట్టే లెక్క, మేడంతా మెట్లు దిగి వీధిలో నిలబడాల్సిందే. మూడో అంతస్తు వకీలు షౌఖీ రెండుసార్లు తువ్వాలుతోనే దిగాడు. ఆ తర్వాత కోటు వేసుకునే స్నానం చేస్తున్నాడని వీధిలో చెప్పుకునేవారు.

నాలుగో అంతస్తులో గడియారాలు బాగుచేసే జకీకి చెవులు వినపడవు. అందుకని కెప్టెన్ తన బాల్కనీ నుంచి ఎర్రగుడ్డ కట్టిన బుట్టను తాడుతో జకీ కిటికీ ముందుకు దించారు. మా వీధిలో బుట్ట తాడు మీద దిగిందంటే సరుకుల కోసమే. జకీ అందులో ఖాళీ పెరుగు గిన్నె పెట్టి, తాడు లాగి, మళ్ళీ పనిలో పడ్డాడు.

"ఈ మనిషి పెరుగు కోసం కాలిపోయేలా ఉన్నాడు" అంటూ కెప్టెన్ గిన్నె నింపించి తెచ్చి, ఎర్రగుడ్డ అంటే ఏమిటో సైగలతో మొదటినుంచీ చెప్పారు.

మేం ఐదో అంతస్తు. మా అక్క రావ్యా చిన్నప్పటి నుంచీ నడవలేదు, చక్రాల కుర్చీలోనే ఉంటుంది. లిఫ్టు చెడిపోయి రెండేళ్ళయింది. మేడ యజమాని "రేపు" అంటూనే ఉన్నాడు. ఆ రెండేళ్ళూ అక్క వీధి మొహం చూడలేదు. ఎవరైనా మోస్తామంటే "నేనేం సోఫానా?" అని తలుపేసుకునేది. బాల్కనీలోంచి కనిపించే చారెడు సముద్రంతోనే సరిపెట్టుకునేది.

ఒకరోజు కెప్టెన్ పట్టీలు బిగించిన చెక్క కుర్చీతో వచ్చారు.

"నేను సోఫాను కాను, కెప్టెన్ గారూ."

"సోఫా ఆర్డర్లు వెయ్యదు తల్లీ. నువ్వు వెయ్యాలి. ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు ఆగాలో కుర్చీలో ఉన్నవాళ్ళే చెప్పాలి. మోసేవాళ్ళు నోరెత్తకూడదు. మెట్ల మీద నువ్వే కెప్టెన్‌వి."

"నాకు రావాలని లేదు."

"షికారుకు రమ్మన్నానా? ఇది కసరత్తు. నువ్వు రాకపోతే షౌఖీ కూడా రానంటున్నాడు. స్నానాల గదిలోనే కాలిపోతాడట."

అక్క ఆ కుర్చీలోకి మారింది. కాపలాదారు ఇద్రీస్ వెనక, షౌఖీ ముందు. మడిచిన చక్రాల కుర్చీ మోసుకుంటూ నేను.

"షౌఖీ గారూ, ఎడం చెయ్యి పైకి. ఇద్రీస్, ఆగు. ఆగమంటే ఒక మెట్టు దిగి ఆగడం కాదు."

మూడో అంతస్తు దాటేసరికి అక్క గొంతు రేవు దాకా వినిపించేంత పెరిగింది. "నా పై అధికారి కూడా నన్నింత చక్కగా తిట్టలేదు" అని మురిసిపోయారు కెప్టెన్.

కింద అందరూ గుమ్మం ముందే ఆగబోతే ఆయన వేలు తడిపి గాలిలో పెట్టి చూశారు. "లాభం లేదు. పొగ ఇటే వస్తుంది. ఐస్‌క్రీం కొట్టు దాకా పదండి." మామిడి ఐస్‌క్రీం అయ్యాకే పొగ తగ్గింది.

తర్వాతిసారి పొగ మమ్మల్ని సముద్రం ఒడ్డుకు తరిమింది. అక్క ఏదో సినిమా పేరెత్తిన వారమే సినిమా హాల్లోకి తరిమింది. "ఈపాటికి ఆరిపోయి ఉంటుంది, ఇంటికి పోదామా?" అని షౌఖీ గొణిగితే, "విరామం తర్వాత చూద్దాం" అన్నారు కెప్టెన్.

చేపలు వేపే కొట్టు దగ్గర షౌఖీ ఇక ఆగలేకపోయాడు. "ఇదెక్కడి పొగండీ? ఎప్పుడు చూసినా రావ్యా వెళ్ళాలనుకున్న చోటికే తోలుతుంది."

"వకీలువి, గాలి సంగతి నీకేం తెలుసు? చేప తిను."

అక్క తలెత్తకుండా ముళ్ళు తీసుకుంటోంది.

పోయిన చలికాలం కెప్టెన్ కన్నుమూశారు. అంతకు ముందు ఏడాదే ఆయన మోకాళ్ళు మొరాయించాయి. గంట మూగబోయింది. మోస్తామని వెళ్తే "నేనేం సోఫానా?" అని మా మొహానే తలుపేశారు. అలా నెల గడిచింది.

ఒక సాయంత్రం మా వంటింట్లోని ఇత్తడి రోలు ధణధణలాడింది. అక్క రోకలితో వాయిస్తోంది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. మా బాల్కనీ నుంచి జకీ కిటికీ ముందుకు నేను ఎర్రగుడ్డ దించి ఊపాను. ఈసారి అతను గిన్నె లేకుండానే వచ్చాడు. షౌఖీ, ఇద్రీస్ చెక్క కుర్చీతో ఆరో అంతస్తుకెక్కారు.

"నేను రాను" అని పైనుంచి వినిపించింది.

"షికారుకు రమ్మన్నానా? ఇది కసరత్తు. మెట్ల మీద మీరే కెప్టెన్" అని కింది నుంచి అరిచింది అక్క.

పైన గడియ తీసిన చప్పుడైంది. ఆ తర్వాత, "షౌఖీ, ఎడం చెయ్యి పైకి."

ఆయన్ను దించి, వెనక్కి వచ్చి అక్కను దించేసరికి షౌఖీ మెట్ల మీదే చతికిలబడ్డాడు. కింద కెప్టెన్ ఒక కుర్చీలో, అక్క ఒక కుర్చీలో పక్కపక్కన కూర్చున్నారు. అక్క వేలు తడిపి పైకెత్తింది.

"పొగ ఎటు తోలుతోంది తల్లీ?"

"రేవు వైపు, కెప్టెన్ గారూ. టగ్గులు కనిపించేదాకా వదిలేలా లేదు."

ఆయన తలెత్తి చూశారు. ఏ బాల్కనీలోనూ ఆరేసిన బట్ట కదలడం లేదు.

"అబ్బో" అన్నారు, "ఏం గాలి."