అక్కా చెల్లీ రెండు తీగలు

మనవరాలు వంటగది గట్టు మీద తన ఆటవిమానం బ్యాటరీకి కొత్త పిన్ను అతికిస్తున్నది. కరిగిన టంకం మీది గుగ్గిలం పొగ ముక్కుకు తగలగానే తిరుపతిలోని ఈ మేడ మీది ఇల్లు మాయమై, బంగారుపాళ్యం పక్కన మా ఊరు, మామిడికాయ ముదిరే ఎండాకాలం, ధర్మరాజుల గుడి ముందు తాటాకు పందిరి నా చుట్టూ లేచి నిలబడ్డాయి.

మా నాయనది మైకు సెట్టు. ఆ గుడి ముందు భారతం కథ చెప్పించే నెలలో పండగ మా ఇంటికే ముందు వచ్చేది. చూరు కింద వరసగా బోర్లించిన మైకు రేకు గొట్టాలు, పానకం కోసం అమ్మ దంచే శొంఠి ఘాటు, బెంగుళూరా మామిడికాయను ఉప్పూ కారంలో అద్దుకుని కొరుకుతూ వామనగుంటలాడే మేము, అందరి నడుమా దొరసానిలా కూర్చున్న లారీ బ్యాటరీ. మధ్యాహ్నం కథ మొదలయ్యే వేళకు ఊర్లో కరెంటు ఉండేది కాదు. భీముడు గర్జించాలన్నా ద్రౌపది ఏడవాలన్నా ఆ బ్యాటరీయే దిక్కు.

దాని తీగలకు నాయన పేర్లు పెట్టాడు. ఎర్రది అక్క, నల్లది చెల్లి. "ఇద్దురూ ఒకేసారి ముసుగు తీస్తే కొట్టుకు సస్తారు మే. ఒకరిని ఇంట్లో కూసోబెట్టినాకే ఇంకొకరిని బయటికి పిలవాల" అంటూ ఒకదాని కొసకు గుడ్డ చుట్టి, రెండోదాని పని పట్టేవాడు. బొగ్గుల్లో కాగే టంకం కడ్డీని ఒక్కసారి పట్టుకోవాలని నాకు ప్రాణం కొట్టుకునేది. "మొకాన మచ్చ పడితే ఎవురు చేసుకుంటారు నిన్ను?" అని నాయనను కన్న మా అవ్వ నా జడ పట్టి లాగేసేది.

బకాసురుడి కథ రోజున, దేవుడి పనికి పోతున్నది కదా అని అవ్వ ఆ బ్యాటరీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూర హారతిచ్చి, ఆ ఇత్తడి పళ్ళేన్ని సరిగ్గా రెండు తీగల పిన్నుల మీదనే దించింది. చిటపటమని నిప్పురవ్వలు లేచాయి.

"అమ్మోరు పలికిందిరా!" అవ్వ చేతులెత్తి మొక్కింది.

"అమ్మోరు కాదు మా, అక్కాచెల్లెళ్ళు జుట్లు పట్టుకున్నారు!" నాయన ఉరికొచ్చి పళ్ళేన్ని లాగి విసిరేశాడు. అప్పటికే టంకం కరిగి పిన్నులు ఊడిపోయాయి. నాయన కుడిచేతి వేళ్ళు బొబ్బలెక్కాయి.

సామాను ఎత్తించడానికి వచ్చిన గుడి పెద్ద వాకిట్లోనే ఉన్నాడు. "కథ మొదలయ్యే పొద్దుకు మైకు పలక్కపోతే సిత్తూరు మైకు సెట్టును పిలిపిస్తామప్పా. వచ్చే ఏడూ వాళ్ళకే."

నాయన తన వేళ్ళ వైపు చూశాడు. తర్వాత నా వైపు. "కడ్డీ తీస్కో మే."

"ఆడబిడ్డరా అది!"

"ఇప్పుడు మంట పెట్టింది మొగబిడ్డా మా?"

అవ్వ పళ్ళెం ఏరుకుని లోపలికి పోయింది.

బ్యాటరీని దూరంగా ఉంచి తీగలు చాచాం. చెల్లికి గుడ్డ చుట్టాను. అతికించాక దూర్చలేం కాబట్టి రబ్బరు గొట్టం ముక్కను ముందే అక్కకు తొడిగించాడు నాయన. గుగ్గిలం అద్ది కడ్డీ ఆనించగానే టంకం పాదరసంలా పరుగెత్తి తీగ పోగుల్లోకి ఇంకిపోయింది. "కదపాకు, ఊదాకు, మెరుపు తగ్గనీ" అని నాయన చెవిలో చెబుతుంటే నా మోకాళ్ళు సంతోషంతో ఎగురుతున్నాయి. అక్క మీదికి రబ్బరు జరిపి, చెల్లిని బయటికి పిలిచాం.

గుడి దగ్గర తీగలు తగిలించి, నాయన మైకు నా నోటి ముందు పెట్టి, "ఏదన్నా పలుకు మే" అన్నాడు. నేను ఒళ్ళు మరిచి, "అవ్వా, అంటుకునిందే!" అని అరిచాను. చెట్టుకొమ్మల్లోని గొట్టాలు ఆ కేకను తోటలన్నీ దాటించాయి. అంతే, నిప్పంటుకుందనుకుని ఊరు ఊరంతా కడవలతో, బిందెలతో గుడికి పరుగెత్తుకొచ్చింది.

గుడి పెద్ద కడుపు పట్టుకుని నవ్వాడు. "నీళ్ళు ఆడ పెట్టి ఈడ కూసోండప్పా. పానకానికి పనికొస్తాయి."

మరుసటి ఏడూ భారతం మాదే. పెళ్ళయి వెళ్ళేదాకా కడ్డీ నాదే.

ఇప్పుడు ఆ గుడికి నల్లపెట్టెల మైకులు వ్యానులో వస్తాయట. రేకు గొట్టాలు పాత ఇనుములోకి పోయాయి, తోటలు ఇళ్ళ స్థలాలయ్యాయి, నాయనా లేడు, అవ్వా లేదు. ఈ కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్విన మా ఆయన కూడా పోయాడు.

మనవరాలు ఎర్ర తీగ ముగించి, దానికి ముసుగు తొడిగి, "రెండోది నువ్వేస్తావా?" అంది.

కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని, జరగమన్నాను.