గోరువెచ్చ గౌరి

రాయపూర్ రైల్వే కాలనీలో మగవాళ్లందరిచేతా పొద్దున్నే పొయ్యి ఊదించిన ఘనత నాది. మా లైనులో కాలిన ప్రతి మీసానికీ బాధ్యురాలిని నేనే.

పెళ్లైన కొత్తల్లోనే నాకు కీళ్లవాతం పట్టుకుంది. తెల్లారితే వేళ్లు బిగుసుకుపోయి, చెంబు పట్టుకోవడమే గగనం. "లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులుంచి, మెల్లగా వేళ్లు ఆడించమ్మా. పనులు ఆ తర్వాతే" అన్నాడు డాక్టరు. గార్డు ఉద్యోగం చేసే మా ఆయన పాపం, కాఫీ తనే పెట్టేవాడు. హాయిగానే ఉన్నాం.

అంతలో విజయనగరం నుంచి అత్తగారు దిగింది. తెల్లారి లేచి చూస్తే కొడుకు పొయ్యి దగ్గర, కోడలు బేసిన్ ముందు!

"ఏటమ్మా ఇది?"

జబ్బుపిల్లని అంటగట్టారంటుందేమోనని భయపడ్డాను. "వ్రతం అత్తయ్యా" అనేశాను.

"ఏం వ్రతం?"

"గోరువెచ్చ... గౌరి వ్రతం. ఎండ గడపలోకొచ్చేదాకా ఆడవాళ్లు చేతులు నీళ్లలోంచి తియ్యకూడదు. మగవాళ్లే కాఫీ పెట్టాలి. ఈ దేశపు ఆచారం."

ఆవిడ ఊరుకుంటుందా? వచ్చీరాని హిందీలో పక్కింటి దూబేగారి భార్యను అడిగింది. మగవాళ్లే పెట్టాలన్న మాట చెవిన పడగానే ఆ మహాతల్లి చేతులు జోడించి, "హాఁ అమ్మాజీ, బహుత్ పురానా వ్రత్ హై!" అంది. నేను ఆ పొద్దున పుట్టించిన దేవత అప్పుడే పురాతనమైపోయింది!

వారం తిరక్కుండా లైనంతా బేసిన్లే. చేతులు కాల్చుకున్నవాళ్లూ, డ్యూటీకి ఆలస్యమైనవాళ్లూ కలిసి మా గుమ్మంలోకొచ్చారు. "భాయీసాబ్, యే వ్రత్ కబ్ తక్?" అంటూ మా ఆయన్ని నిలదీశారు. ఎప్పటిదాకానో ఆయనకేం తెలుసు? నా వైపు చూశాడు.

ఇక లాభం లేదని అత్తగారి దగ్గర బావురుమన్నాను. "అది వ్రతం కాదత్తయ్యా, కీళ్లవాతం."

ఆవిడ తన బేసిన్‌లోంచి చేతులు తియ్యలేదు. "తెలుసమ్మా. నీ వేళ్ల వాపు వచ్చిన్నాడే చూశాను."

"మరి అప్పుడే అనలేదేం?"

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదికీ నేనే కాఫీ పెట్టాను. ఇన్నాళ్లకి నా చేతికి ఒకరు గ్లాసందించారు. అలాంటి దేవతని నేనెందుకు పొమ్మంటాను?" అని కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, ఇవాళ పంచదార తక్కువైంది" అంది.

ఆ క్షణమే ముక్కోటి దేవతల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక నొప్పిని నొప్పనే చెబుతాను, జన్మలో ముక్కోటికి ఇంకొకర్ని కలపను.