లీల వదిన అమ్మకు కుట్టిన జాకెట్టు

నిన్న పొద్దున్నే తెనాలి నుంచి మా అన్నయ్య కూతురు పద్మ ఫోన్ చేసింది.

"అత్తా, అమ్మ లేదు."

"ఎక్కడికెళ్ళిందే ఇంత పొద్దున్నే?" అన్నాను.

అవతల దాని ఏడుపు వినిపించాక గానీ నాకు అర్థం కాలేదు.

మా లీల వదిన ఇక లేదు. నిద్రలోనే వెళ్ళిపోయిందట.

బాపట్ల నుంచి తెనాలి చేరేదాకా ఒకటే గుర్తు. నా వీపుకి పేపరు ఆనించి, "ఊపిరి బిగబట్టకే, మామూలుగా నిలబడు" అనే ఆ గొంతు.

మా ఇంటి పిల్లల్లో చాలామందికి వదిన పనితనం తెలియదు. అందుకే రాస్తున్నాను.

వదినది రేపల్లె. అరవైల్లో మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు సారెతో పాటు కుట్టుమిషను కూడా రైల్లో తెచ్చుకుంది. నేనప్పుడు స్కూల్లో చదువుతున్నాను.

ఆ రోజుల్లో జాకెట్టు కుట్టించుకోవాలంటే టైలరుకి పాతదొకటి ఆది ఇచ్చేవాళ్ళు. పాతది ఎలా ఉంటే కొత్తదీ అలాగే వచ్చేది. బిగుతుదైతే బిగుతుగా, జారేదైతే జారుతూ.

వదిన ఆది తీసుకునేది కాదు.

"నాకు ఆది వద్దండి, మనిషి కావాలి" అనేది.

మనిషిని నిలబెట్టి, పాత న్యూస్ పేపరు ఒంటికి ఆనించి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టేది. కాగితం ఎక్కడ ముడత పడితే అక్కడ మడిచి గుండుసూది గుచ్చేది. బట్టలో అక్కడ టక్కు వచ్చేది. అదే ఆవిడ ప్యాటర్న్.

నాకు మొదట కుట్టింది ఒక గౌను.

నేను వెదురుబద్దలా ఉండేదాన్ని. ఏం తొడిగినా కొక్కేనికి తగిలించినట్టు వేలాడేది. వదిన తన పెళ్ళికి పెట్టిన వాయిల్ చీర తీసి, నిలువు ముక్కలుగా కోసింది. ఒక్కో ముక్క నడుము దగ్గర సన్నగా, కిందకి వచ్చేసరికి వెడల్పుగా. నడుము దగ్గర అతుకు లేదు, బెల్టు లేదు. అయినా ఆ గౌను నా కోసమే పుట్టినట్టు ఒంటికి పట్టేసింది.

నేను అద్దం ముందు నుంచి కదల్లేదు. అమ్మ మాత్రం కేకలేసింది.

"బంగారంలాంటి చీర ముక్కలు చేశావేంటమ్మాయ్!"

"నా దగ్గరుంటే బీరువాలో పడుంటుందండి అత్తయ్యా. దీని ఒంటి మీదైతే ఊరంతా తిరుగుతుంది" అంది వదిన.

ఇప్పుడు అసలు సంగతి.

డెబ్బైల మొదట్లో అమ్మకి రొమ్ములో గడ్డ వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ఎడమవైపు మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది.

కానీ ఇంటికొచ్చింది మా అమ్మ కాదనిపించేది. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుని కూర్చునేది. ఎవరైనా పలకరించడానికొస్తే గోడవైపు తిరిగి పడుకునేది. ఆ ఆపరేషన్ మాట ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

అప్పుడే బాపట్లలో మా పెద్దమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది. పెద్దమ్మ వచ్చి ఎంత బతిమాలినా అమ్మ రానంది.

పెద్దమ్మ వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం, వదిన తలుపు దగ్గరికి వేసి, పేపరు పట్టుకుని అమ్మ ముందు నిలబడింది.

"దుప్పటి తీయండి అత్తయ్యా."

"పోవే."

"చూడకుండా నేను కుట్టలేనండి."

చాలాసేపటికి అమ్మ చేతిలోంచి దుప్పటి జారింది.

వదిన ఏడవలేదు. అయ్యో అనలేదు. అందరికీ తీసినట్టే అమ్మకీ కొలతలు తీసింది. నేను పక్కన నిలబడి గుండుసూదులు అందించాను.

మామూలుగా బట్ట మడత పెట్టి కోస్తారు. ఒక్క కోతతో రెండు వైపులూ ఒకేలా వస్తాయి. అమ్మ కోసం వదిన మడత పెట్టలేదు. కుడికి ఒక కాగితం, ఎడమకి వేరే కాగితం. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచి ఉండేది, అందుకని అటు చంక దగ్గర వదులు ఇచ్చింది. లోపల మెత్తటి గుడ్డతో చిన్న సంచి కుట్టి, బూరుగుదూది నింపింది.

మొదటిది కుదరలేదు. అమ్మ చెయ్యి ఎత్తగానే సంచి పైకి పాకింది. అమ్మ మొహం మళ్ళీ చిన్నబోయింది.

"బరువు చాల్లేదంతే" అని వదిన వంటింట్లోకి వెళ్ళింది. గుప్పెడు ఆవాలు తెచ్చి దూది అడుగున పోసి మళ్ళీ కుట్టింది. ఉతికేటప్పుడు ఆ సంచి తీసి పక్కన పెట్టుకునేలా లోపల జేబు పెట్టింది.

అమ్మ తొడుక్కుంది. చెయ్యెత్తింది, దించింది. పైట సర్దుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"నా ఒంటి మీద పోపులడబ్బా పెట్టావేంటే!" అంది.

ఎన్ని నెలలకి నవ్విందో అమ్మ! నవ్వుతూ నవ్వుతూనే వదిన భుజం మీద తల పెట్టి భోరుమంది.

పెళ్ళికి వెళ్ళాం. పట్టుచీర కట్టుకుని, చెయ్యెత్తి అమ్మ అక్షింతలు వేస్తుంటే పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. మర్నాడు అందరం సూర్యలంక సముద్రానికి వెళ్ళాం. గాలికి పైట ఎగురుతున్నా పట్టించుకోకుండా అమ్మ మోకాళ్ళ దాకా నీళ్ళల్లోకి దిగింది. వదిన ఒడ్డున ఇసకలో కూర్చుని అమ్మనే చూస్తూ ఉంది.

ఆ సాయంత్రం ఒక్కసారి మళ్ళీ వస్తే బావుండు.

అమ్మ బతికినన్నాళ్ళూ ఆవిడ జాకెట్లు వదినే కుట్టింది. ఒళ్ళు మారినప్పుడల్లా కొత్త కాగితాలు కోసేది.

ఈ మధ్య వదినకి చూపు తగ్గింది. ఎప్పుడు వెళ్ళినా నా భుజాలు తడిమి చూసేది. "చిక్కావే" అనో, "లావయ్యావే" అనో అనేది. ఫోన్‌లో ఎంతమంది ఎలా ఉన్నావని అడిగినా, అలా తడిమి తెలుసుకునేవాళ్ళు నాకు ఇంకెవరున్నారు?

నిన్న స్నానం చేయించాక, చీర కట్టబోతూ పద్మ ఆగిపోయింది.

"అత్తా, అమ్మకి జాకెట్టు బాగా వదులైపోయింది."

"పైట కప్పేస్తాంగా, ఎవరికి కనపడుద్దమ్మా" అన్నారెవరో.

నాకు మనసొప్పలేదు. సూదీదారం తెమ్మన్నాను. వదిన పక్కన కూర్చుని, భుజాల దగ్గర, నడుము దగ్గర లోపలికి పట్టి కుట్టాను. నావి వంకర కుట్లే. కళ్ళు కూడా సరిగా కనపడలేదు.

పద్మ పైట సర్ది, "సరిపోయింది అత్తా" అంది.

వెళ్ళిరా వదినా. అలుపూ నొప్పీ లేని చోట, నీ మనసు చల్లగా ఉండాలి.