బుడ్డలు ఒలిపించి మెదడు చూసిన మేడమ్

మా మేడమ్ పోయినారు. మొన్న పొద్దున తాడిపత్రి నుంచి ఫోన్ వచ్చింది, గుండె ఆగిపోయిందని. బతుకంతా మెదడు వెనకాల పడి తిరిగిన మనిషిని, తనను పట్టించుకోలేదని గుండె అలిగి దెబ్బ కొట్టింది. ఈ మాట ఆమె వినింటే "శవం కాడన్నా నోరు మూసుకోరా" అని తానే ముందు నవ్వేది. వినే మనిషి లేదు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

పాఠక మహాశయులారా, నేను డిగ్రీ పట్టాను గోడకు తగిలించి, దాని కిందే మంచమేసుకున్న నిరుద్యోగ శిరోమణిని. మేడమ్ అల్జీమర్స్ మీద, అంటే మతిని మెల్లమెల్లగా తినేసే జబ్బు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఇంట్లో పుట్టి, బెంగళూరులో పెద్ద ల్యాబు దాకా పోయి, మళ్లీ ఈ ఎండకే తిరిగొచ్చినారు. "పుస్తకాల్లో పరీక్షలన్నీ బడికి పోయినోళ్ల కోసం రాసినారు. మనోళ్లు మర్సిపోయేది ఎట్ల పట్టుకోవల్ల?" అనేవారు. ఆ ప్రశ్నలను మా యాసలోకి తిప్పడానికి, బండి తోలడానికి నన్ను పెట్టుకున్నారు.

మొదట పోయింది బెళుగుప్ప దిక్కు ఒక పల్లెకు. అప్పుడు శ్రావణమాసం.

"ఇది ఏ కాలమవ్వా?" అని అడిగినాను.

"కరువు కాలం నాయనా."

కాగితం మీద జవాబు వానాకాలం అని ఉంది. నేను మహా గంభీరంగా 'తప్పు' అని గీసినాను. పక్కింటి తాతా అదే చెప్పినాడు, ఎదురింటాయనా అదే. "మేడమ్, ఊరంతటికీ మతి పోయింది" అన్నాను. ఆమె మబ్బు తునక లేని ఆకాశం చూసి, నా చేతిలో పెన్ను లాక్కొని అన్నీ 'రైటు' చేసినారు. "ఊరంతా ఒకే తప్పు చెప్తే, తప్పు కాగితానిదిరా."

ఇంకో అవ్వను "మూడు మాటలు చెప్తా, గుర్తు పెట్టుకో, మళ్లా అడుగుతా" అంటే, "చదువుకున్నోడివి, నువ్వే పెట్టుకోరాదా? నాకెందుకప్పా ఆ బరువు?" అనింది. మేడమ్ నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడినారు.

అప్పటి నుంచి కాగితం తీయకముందే సంచిలోంచి వేరుశనక్కాయలు తీసేవారు. మేము వాటిని బుడ్డలంటాము. పిడికెడు చేతిలో పోసి, మాటల్లో పెట్టి, ఆ వేళ్లనే చూస్తా కూర్చునేవారు. "ఈ నేలలో పుట్టినోడు అమ్మ పేరు మరిచినా బుడ్డ ఒలిచేది మరవడు. అది మరిచినాడంటే జబ్బు ముదిరినట్టే" అనేవారు.

మా నాయన తాడిపత్రిలో బండల లారీ తోలేవాడు. ముసలితనం ఇంకా రాలేదు. ఒకరోజు రాప్తాడు కాడ రోడ్డు పక్కన లారీ ఆపుకొని, మా ఇంటికి ఏ పక్క పోవాలని దారిన పోయేవాళ్లను అడిగినాడంట. అమ్మ "నిద్ర చాలకప్పా" అనింది. నేను మేడమ్ కాడికి తీసుకుపోయినాను.

బుడ్డలు పోసినారు. నాయన చక్కగా ఒలిచి, గింజలు కింద పారేసి, పొట్టు నోట్లో వేసుకున్నాడు. నమలతా "బాగుండాయి మేడమ్" అన్నాడు.

మేడమ్ ఆయన గడ్డం కింద అరచెయ్యి పట్టినారు. "ఉమ్మెయ్యన్నా" అన్నారు, చంటిబిడ్డతో అన్నట్టు. తర్వాత నన్ను బయటికి పిలిచినారు.

"మందు ఉండాదా మేడమ్?"

"కాస్త నిదానం చేసేటివి ఉండాయి. ఆపేటిది లేదు."

"మీరు కనిపెడతారు గదా?"

"మీ నాయనకు అందేటంత తొందరగా కాదప్పా."

"మరెందుకు మనం ఎండలో కుక్కల్లాగా తిరిగేది?"

మేడమ్ గొంతు తగ్గించినారు. "ఇంత చిన్న వయసులో వచ్చినాదంటే, కొన్ని ఇండ్లలో రక్తంలో దిగుతాది. మందు నీకన్నా అందాలని."

నాకు జోకు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

అప్పటి నుంచి ఇంకా గట్టిగా తిరిగినారు. జ్వరమొచ్చినా ఆగలేదు. "మీ ఇంటి కోసం కాదులే, ఊరికే గర్వపడొద్దు" అనేవారు. ఇప్పుడా పని సగంలో ఆగింది. బెంగళూరు ల్యాబుకు ఫోన్ చేస్తే "చూద్దాం" అంటున్నారు. ఎవరు చూస్తారో, ఎప్పటికి చూస్తారో చెప్పరు. నాకు అద్దంలో నాయన పోలిక చూసుకోవాలంటే భయంగా ఉంది.

నాయనను ఒక్కణ్ని వదలలేక సమాధుల తోటకు వెంటబెట్టుకొని పోయినాను. పాస్టరు ప్రార్థన చేసినాక అందరూ వరుసగా పిడికెడు మట్టి వేస్తున్నారు. నాయనా వేసి, పక్కకొచ్చి, చేతులు దులుపుకొని జనాన్ని చూసినాడు.

"ఎవురప్పా పోయినారు?"

"మేడమ్, నాయనా."

"అయ్యో, ఆయమ్మా!" ముఖం ముడుచుకుపోయింది. కండ్లలో నీళ్లు. "మట్టన్నా ఎయ్యల్ల గదరా" అని పోయి వరుస కడాన నిలబడినాడు. వేసి వచ్చినాడు. మళ్లీ అడిగినాడు. మళ్లీ అదే కొత్త దుఃఖం. చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. జనం జరిగి దారి ఇచ్చినారు.

ఆఖరికి వరుసలో ఆయన ఒక్కడే మిగిలినాడు, చేతిలో మట్టితో. వెనకాల ఎవరూ లేరు. పోయి నేను నిలబడినాను.