వంకర చిటికెన వేలు

దెయోలిందా ఫోటో తీస్తే బూట్లు బ్రహ్మాండంగా వస్తాయని ఇంట్లో అందరూ ఏడిపిస్తారు. తలలు మాత్రం ఉండవు. అయినా పెళ్ళిళ్ళకీ పండగలకీ కెమెరా ఆవిడ చేతిలోనే ఉంటుంది. మొగుడి పక్కన నిలబడమంటే చాలు, "మీరు నిలబడండి, నేను తీస్తా" అని గబుక్కున తప్పుకుంటుంది మరి. యాభై ఆరేళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒక్కటే. అదీ రెండు ముక్కలుగా చక్కెర డబ్బాలో ఉంటుంది.

ఆ శనివారం కూతురు ఫిలోమెనా ముసలివాళ్ళిద్దరినీ కారెక్కించుకుని పోర్తో నగరం చూపించడానికి తీసుకొచ్చింది. మనవరాలు మఫాల్దా ఫోను పట్టుకుని ముందు నడుస్తోంది. నది చూశారు, వంతెన చూశారు. హోటల్లో తిందామంటే దెయోలిందా ఒప్పుకోలేదు. ఇంటి నుంచి తెచ్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు నది గట్టు మీదే విప్పింది. "ఊరు చూడ్డానికొచ్చాం గానీ వాళ్ళ వంట చూడ్డానికి రాలేదు" అంది.

మధ్యాహ్నానికి కోర్దొఆరియా తోటకి చేరారు. వెనక క్లెరిగోస్ గంటగోపురం. దెయోలిందా మొగుడు అర్మిందో ఒక బెంచీ దగ్గర ఆగి, దాని మీద కూర్చున్నాడు.

"ఏమే, ఇక్కడే కదూ?"

"ఏమో, ఎవడికి గుర్తు?" అంది దెయోలిందా. గుర్తులేకపోవడమేమిటి! పెళ్ళయిన మర్నాడు ఇక్కడే, పెట్టె కెమెరావాడు నల్లగుడ్డలో తల దూర్చి వాళ్ళ ఫోటో తీశాడు.

"అమ్మమ్మా, తాతయ్య పక్కన కూర్చో. ఒక్కటి తీస్తా" అంది మఫాల్దా.

"ఆ ఫోను ఇలా ఇవ్వు. నువ్వే కూర్చో."

"నువ్వు తీస్తే తాతయ్యకి మళ్ళీ మెడ దాకానే వస్తుంది!"

అర్మిందో నవ్వలేదు. "నాకు ఎనభై ఏళ్ళొస్తున్నాయి దెయోలిందా. నా గది గోడ మీద నీ పక్కన నేనుండాలని అడుగుతూనే ఉన్నా. ఇవాళ కూడా కాదంటే ఇంక అడగను" అన్నాడు. కోటు జేబులోంచి చిన్న కవరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

లోపల ఆ ఫోటో. రెండు ముక్కలూ కలిపి అంటించి ఉన్నాయి.

"నన్నడక్కుండా డబ్బా ముట్టుకుంటావా!" దెయోలిందా మొహం ఎర్రబడింది.

అప్పట్లో పని కోసం దొంగదారిన ఫ్రాన్స్‌కి వెళ్ళే ప్రతివాడి ఫోటోనూ చింపేవాళ్ళు. ఒక ముక్క ఇంట్లో, ఒక ముక్క వెళ్ళేవాడి దగ్గర. క్షేమంగా చేరాక తన ముక్క ఇంటికి పంపిస్తే, రెండూ అతికితే, మనిషి బతికే ఉన్నాడని లెక్క. వేరే వాళ్ళు ఒంటరి ఫోటో చింపారు. అర్మిందోకి ఉన్న ఫోటో పెళ్ళిదొక్కటే. దాన్ని దెయోలిందాయే చింపింది. చీలిక వంకరగా పోయింది. అతని భుజమ్మీద వేసిన ఆవిడ చెయ్యి మణికట్టు దగ్గర తెగి, అతని ముక్కతో పాటు ఫ్రాన్స్ వెళ్ళిపోయింది.

నలభై ఒక్క రోజులకి ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఏరు దాటుతూ తడిసిందేమో, ముక్క మీద మొహం చెరిగిపోయింది. అంచు ఉబ్బిపోయి రెండో ముక్కతో సరిగ్గా అతకలేదు. "ఇదెవడిదో? మావాడిది కాదు" అని అత్తగారు గుండెలు బాదుకుంది. దెయోలిందా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. భుజమ్మీద నాలుగు వేళ్ళు మిగిలాయి. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకరపోయిన చిటికెన వేలు. అది తనదే. "బతికే ఉన్నాడత్తా" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

అర్మిందో పన్నెండేళ్ళు అక్కడ ఇళ్ళు కట్టే పని చేశాడు. ప్రతి ఆగస్టులో వచ్చి, ప్రతి సెప్టెంబరులో వెళ్ళిపోయేవాడు. ఎవరైనా కెమెరా ఎత్తితే దెయోలిందాకి చేతుల్లో ఆ చిరుగు చప్పుడే వినిపించేది. మళ్ళీ కలిసి దిగితే మళ్ళీ చింపాల్సొస్తుందని భయం. ఆయన పూర్తిగా వచ్చేశాక కూడా ఆ భయం ఇంట్లోనే ఉండిపోయింది. ఇదంతా ఆవిడ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని, మనవరాలు వింటుండగా, మొగుడికి చెప్పింది.

"పిచ్చిదానా! నేను నీకు ఫోటోలంటే గిట్టదనుకున్నా" అన్నాడు అర్మిందో.

దెయోలిందా అతికిన ఫోటోని తడిమింది. మణికట్టు వేళ్ళకి కలిసింది. ఆనాడు ఎంతమంది దారిలోనే పోయారో! ఈ మనిషి వచ్చాడు. పక్కన కూర్చుని గుడ్డు తిన్నాడు, ఉప్పు తక్కువైందని సణిగాడు. ఇంతకంటే దేవుడు ఇంకేమివ్వాలి? ఆవిడకి కళ్ళు నిండిపోయాయి.

"జరుగవయ్యా, బెంచీ అంతా నీదేనా?" అంది. దగ్గరగా జరిగి భుజమ్మీద చెయ్యి వేసింది. చిటికెన వేలు కనబడేలా కాస్త ముందుకి చాపింది. "ఇంక తియ్యి పిల్లా. తలలు కొయ్యకు."

మఫాల్దా మూడుసార్లు నొక్కి తెచ్చి చూపించింది. ఇద్దరికీ తలలున్నాయి. దెయోలిందా చాలాసేపు చూసి ఫోను తిరిగిచ్చేసింది.

"దీన్ని కాగితమ్మీద తీయించు తల్లీ. రెండు తీయించు. ఆయనకొకటి, నాకొకటి" అంది. "ఈసారి ఇద్దరికీ పూర్తిది ఉండాలి."