ఊఁ కొట్టే మనిషి
పిల్లల కథలకు మీసాలు అతికించి, పెద్దల కథలని పుస్తకాలేయించుకోవడం ఆయనగారి ఘనకార్యం. రాకుమారి చేత సిగరెట్టు కాల్పిస్తాడు, రాక్షసుడికి విడాకులిప్పిస్తాడు, చివర్లో ఎవర్నో ఒకర్ని చంపేసి తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటాడు. రాసిందల్లా భార్యకు చదివి వినిపిస్తాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ, ఎటో చూస్తూ ఊఁ కొట్టాలి. కొట్టకపోతే అలుగుతాడు.

మొన్న జ్వరంతో పడుకున్న కూతురు, "రాక్షసుణ్ణి చంపేసే కథ చెప్పు నాన్నా," అంది. ఈయన గొంతు సవరించుకుని, "రాక్షసుడంటూ ఎవడూ లేడు తల్లీ. మన మనసే రాక్షసుడు," అంటూ అందుకున్నాడు. కాసేపటికి పిల్ల ఊఁ కొట్టడం మానేసింది. కథలో లీనమైపోయిందని మురిసిపోయాడు. అది కాస్తా అటు తిరిగి దుప్పటి ముసుగేసుకుని, "అమ్మా! నాన్నకి కథ చెప్పడం రాదు," అని కేకేసింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ మొదటిసారి మనస్ఫూర్తిగా ఊఁ కొట్టింది.