పొట్టుపొయ్యికి ఐదు ఫిర్యాదులు

జగ్గయ్యపేటలో దశరథరామయ్యగారిని మెచ్చుకుని బతికి బట్టకట్టినవాడు లేడు. ఆయన రేకుల షెడ్డులో పొట్టుపొయ్యిలు తయారయ్యేవి. అదొక ఇనపరేకు డబ్బా. మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ రంపపు పొట్టు గట్టిగా కూరి, రోకలి పైకి లాగేసి, కిందున్న కన్నంలోంచి నిప్పంటిస్తే పూటంతా మండుతుంది. "పొయ్యి చాలా బాగుందండీ" అని ఎవరైనా అంటే చాలు, దశరథరామయ్యగారి మొహం మాడిపోయేది. ఈ మనిషి ఏదో దాస్తున్నాడని తీర్మానించుకుని, లోపం చెప్పేదాకా వదిలేవారు కాదు. చిల్లకల్లు కరణంగారు ఒకసారి నోరుజారి రెండుసార్లు మెచ్చుకున్న పాపానికి, ఈయన వెళ్ళి వాళ్ళ అరుగు మీద పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. భోజనాల వేళ దాటిపోతుంటే కరణంగారు ఇక ఆగలేక, బూడిద తియ్యడం కష్టంగా ఉంది, సరేనా అన్నారు. అప్పుడు లేచి, కళ్ళు చెమర్చగా నమస్కారం పెట్టి, మజ్జిగ పుచ్చుకుని సెలవు తీసుకున్నారు.

అంతటి మహానుభావుడి కొలువులో పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ప్రేమదాసు చేరాడు. మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు, చేతిరాత ముత్యాల్లాంటిది. వారానికోసారి బస్సులో నందిగామ వెళ్ళి పొయ్యిలు కొన్న ఇళ్ళన్నీ తిరిగి రావడం అతని పని. లోకంలో ఏ కంపెనీ అయినా మనిషిని ఊళ్ళ మీదికి పంపితే ఆర్డర్లు తెమ్మంటుంది. ఇక్కడ ఆర్డరు తెస్తే ఆ మూల పెట్టి వెళ్ళమనేవారు. ఫిర్యాదు తెస్తే కాఫీ తెప్పించేవారు. వారానికి ఐదు ఫిర్యాదులు తేవాలి. నాలుగే తెస్తే మళ్ళీ బస్సెక్కాలి.

చేరిన రోజే దశరథరామయ్యగారు ఒక పొయ్యి ఇచ్చి ఇంటికి పంపారు. మర్నాడు ఎలా ఉందని అడిగారు.

"చాలా బాగుందండి," అన్నాడు ప్రేమదాసు, గుమ్మం బయటే నిలబడి.

దశరథరామయ్యగారు అతని వైపు జాలిగా చూసి, ఫిర్యాదుల పుస్తకం చేతికిచ్చి పంపేశారు.

నిజానికి ఆ పొయ్యి గురించి ప్రేమదాసు ఇంట్లో తెలియని విషయమంటూ లేదు. అతని భార్య ఆరోగ్యమ్మ పగలల్లా మిరపచేలో కాయలు కోసి, సాయంత్రం వచ్చి దాని మీద వండేది. ఒక్కొక్క వంటకీ ఒక్కొక్క శాపనార్థం. కాని ఆసామి ఎదురుగా నిలబడి మీ వస్తువు బాగాలేదనే అలవాటు ప్రేమదాసు వంశంలో నాలుగు తరాలుగా ఎవరికీ లేదు. అతనితో మొదలవుతుందన్న ఆశ కూడా ఎవరికీ లేదు.

మూడోవారం కష్టం వచ్చిపడింది. నందిగామ వాళ్ళు మర్యాదస్తులు. చాలామంది బాగుందనే చెప్పారు. నాలుగు ఫిర్యాదులతో తిరుగు బస్సులో కూర్చున్న ప్రేమదాసుకి, పొద్దున చెయ్యి కాల్చుకున్న ఆరోగ్యమ్మ అన్న మాట గుర్తొచ్చింది. పట్టుకునే చోటు లేకుండా దీన్ని చేసినోడు పుట్టి బుద్ధెరిగి గంజి కాచి ఉండడు అని. అందులోంచి తిట్టు తీసేసి, మిగిలినదానికి లేని మనిషి పేరొకటి కల్పించి పుస్తకంలో ఇలా రాశాడు: పుల్లమ్మగారు, రైతుపేట, నందిగామ. పొయ్యి ఎత్తడానికి పిడి లేదు.

దశరథరామయ్యగారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు. పైవారానికి పొయ్యికి రెండు చెక్క పిడులు మొలిచాయి.

అక్కడినుంచి పుల్లమ్మగారు వారం తప్పలేదు. వంగి వంగి నడుం పడిపోతోందన్నారు, పొయ్యికి మూరెడు కాళ్ళొచ్చాయి. చిన్న గిన్నె లోపలికి జారుతోందన్నారు, అంచున మూడు ముక్కులొచ్చాయి. పిల్లి బూడిదలో పడుకుంటోందన్నారు, మూతొచ్చింది. ఆ మూత తిరగేస్తే అట్లపెనంగా పనికొచ్చింది. ఇది పుల్లమ్మగారికి కూడా తట్టని సంగతి. పొయ్యిలు నందిగామ దాటి పరిటాల దాకా పోసాగాయి.

మారిన ప్రతి పొయ్యీ ముందుగా పుల్లమ్మగారికి కానుకగా వెళ్ళాలని దశరథరామయ్యగారి ఉత్తర్వు. ప్రేమదాసు దాన్ని నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా వెళ్ళి, వెనక సందులోంచి ఇల్లు చేరేవాడు. నాలుగో పొయ్యి వచ్చేసరికి ఆరోగ్యమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏవయ్యా, నేను తిట్టిందల్లా పైవారానికి బాగైపోయి వస్తంది. ఏం జరుగుతాంది?"

చెప్పక తప్పలేదు. విని ఆమె చాలాసేపు నవ్వింది. "అయితే నా తిట్లు మోసుకెళ్ళి జీతం తెచ్చుకుంటన్నావన్నమాట," అంది. "పేరు మాత్రం పుల్లమ్మది."

వేసవి వెళ్ళి వానలు పడ్డాక ఒక బుధవారం దశరథరామయ్యగారు షెడ్డులో సభ తీర్చారు. కొత్త పొయ్యికి పుల్లమ్మ పొయ్యి అని పేరు పెడుతున్నానని, శుక్రవారం బస్సులో స్వయంగా నందిగామ వెళ్ళి ఆవిడకి చీర పెట్టి సన్మానం చేస్తానని ప్రకటించారు. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. ప్రేమదాసు కూడా కొట్టాడు గాని చప్పుడు రాలేదు. మోసం బయటపడితే ఉద్యోగం పోతుంది. పోతే తనూ మిరపచేలోకే. ఆ రాత్రల్లా ఆలోచించాడు. పుల్లమ్మగారిని జ్వరంతో పడుకోబెట్టాడు, గరికపాడులో కూతురింటికి పంపాడు, ఏదీ కుదరలేదు. చివరికి గుండె రాయి చేసుకుని చంపేశాడు.

"పుల్లమ్మగారు పోయారండి," అన్నాడు మర్నాడు, తల వంచుకుని.

దశరథరామయ్యగారు భుజం మీది కండువా తీసి చేత పట్టుకున్నారు. చెయ్యెత్తగానే సుత్తుల మోత ఆగింది. అందరూ రెండు నిమిషాలు నిలబడ్డారు.

"ఎప్పుడు పోయారు?"

"సోమవారం పొద్దున్నండి."

ఆయన ఫిర్యాదుల పుస్తకం తెరిచి, వేలితో వెతికి, ఒకచోట ఆగారు. "మంగళవారం మూత బరువుగా ఉందన్నారే."

ప్రేమదాసు తల ఇంకొంచెం వంచాడు.

"పోయాక కూడా మన పొయ్యి మీదే ధ్యాస," అన్నారు దశరథరామయ్యగారు గంభీరంగా. "ఇలాంటి ఖాతాదారు బొంబాయి కంపెనీలకి కూడా దొరకదు. పద."

చీర పొట్లం చంకన పెట్టుకుని ఆయన ముందు నడిచారు. ఉద్యోగానికి నీళ్ళొదులుకుని ప్రేమదాసు వెనక నడిచాడు. బస్టాండు రానే వచ్చింది, దాటిపోయింది. ఆయన వెనక సందులోకి తిరిగారు.

"ఎండల్లో ఒకసారి బస్సు చిల్లకల్లు దగ్గర చెడిపోతే నడిచి వెనక్కొచ్చావు, గుర్తుందా? ఆ వారం కూడా పుల్లమ్మగారు నందిగామ నుంచి రెండు ఫిర్యాదులు పంపారు. కానుక పొయ్యిలు బస్సెక్కకుండా ఈ సందులోంచి మీ ఇంటికే వెళ్ళడమూ చూశాను."

"మరి అప్పుడే నన్ను అడగలేదేంటండి?"

"అడిగితే చాలా బాగుందండి అంటావు," అన్నారాయన. "ఆవిడ పుణ్యమా అని ఊరు మొత్తంలో ఒక్కరైనా నాకు నిజం చెబుతున్నారు. మధ్యలో నేను దూరి చెడగొట్టుకోనా?"

ఆరోగ్యమ్మ వాకిట్లో పొట్టు కూరుతోంది. మనుషుల్ని చూసి గబగబా లేచి చేతులు తుడుచుకుంది.

"నమస్కారం పుల్లమ్మగారూ," అన్నారు దశరథరామయ్యగారు. ఆ వాకిట్లో ఒక ఆసామి ఎవర్నైనా గారు అనడం అదే మొదటిసారి. ప్రేమదాసు తడబడుతూ నులకమంచం వాల్చాడు. ఆయన చీర ఆమె చేతికిచ్చి, సంగతి చెప్పారు. ఇక మిరపచేలోకి వెళ్ళనక్కర్లేదు. రోజూ షెడ్డుకొచ్చి కొత్త పొయ్యి మీద వండి, నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాలి. అదే ఉద్యోగం.

"ఇంతకీ చీర ఎలా ఉందండీ?" అని అడిగారు.

ఆమె మొగుడి వైపు చూసింది. చాలా బాగుందను, చాలా బాగుందను అని ప్రేమదాసు కళ్ళతోనే కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. ఆరోగ్యమ్మ మడత విప్పింది, వెలుతురుకి పట్టి చూసింది, చెంగు రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"రంగు ఉతుక్కి ఆగదండి. అంచు కూడా సన్నం."

దశరథరామయ్యగారి మొహం వెలిగిపోయింది. మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని సుఖంగా కూర్చున్నారు.

"రెండయ్యాయి," అన్నారు. "రాసుకో దాసూ. ఇంకా మూడు."